నిన్ఫాస్: పది బల్లల హోటల్ పెద్ద గొలుసై, చివరికి చేతులు మారిన కథ

నమస్కారం. హ్యూస్టన్ డౌన్‌టౌన్ నుంచి తూర్పు వైపు కారులో కొద్ది నిమిషాలు వెళితే నావిగేషన్ బొలివార్డ్ వస్తుంది. మెక్సికన్ కుటుంబాలు తరతరాలుగా కాపురం ఉంటున్న సెకండ్ వార్డ్ అనే పేట గుండా సాగే రోడ్డు అది. ఆ రోడ్డు మీద ఉన్న ‘ది ఒరిజినల్ నిన్ఫాస్’ అనే టెక్స్-మెక్స్ (టెక్సస్ పద్ధతి మెక్సికన్ వంట) హోటల్‌ను ఈ వీడియోలో రివ్యూ చేస్తున్నాను. అయితే ఆ పేరులో ‘ఒరిజినల్’ అనే మాట ఎందుకు చేరవలసి వచ్చిందో చెప్పకుండా అక్కడి వంట గురించి మాత్రమే మాట్లాడితే, సగం సంగతి దాచినట్టే అవుతుంది.

మారియా నిన్ఫా రోడ్రిగెజ్ లారెంజో 1924లో టెక్సస్ దక్షిణ కొసన ఉన్న రియో గ్రాండే లోయలో పుట్టారు. ఆమె భర్త టామీ లారెంజో ఇటాలియన్ కుటుంబం నుంచి వచ్చినవారు. దంపతులిద్దరూ 1949లో ఇదే నావిగేషన్ రోడ్డు మీద ఒక చిన్న కర్మాగారం పెట్టి, అందులో మెక్సికన్ రొట్టెలైన టోర్టియాలను, పిజ్జాలకు కావలసిన పిండి ముద్దలను తయారుచేసి అమ్మేవారు. వియ్యమందిన రెండు వంటిళ్ళూ ఒకే కప్పు కింద పనిచేశాయన్నమాట. 1969లో భర్త మరణించాక వ్యాపారం నీరసించింది. అయిదుగురు పిల్లల బాధ్యత ఆమె మీద పడింది. చివరికి 1973లో కర్మాగారం ముందు భాగాన్ని ఖాళీ చేయించి, పది బల్లలు వేసి, పిల్లల్నే సహాయానికి పెట్టుకుని భోజనశాల తెరిచారు. మొదటి రోజే, టోర్టియాలో మాంసం మడిచి ఇచ్చే టాకోలు రెండువందల యాభై అమ్ముడుపోయాయని ఆ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ టాకోలో ఏముందో కాస్త దగ్గర నుంచి చూద్దాం, ఎందుకంటే ఈ గొలుసు, అంటే ఒకే పేరుతో నడిచే హోటళ్ళ వరస, ఎదుగుదలా, దాని చిక్కులూ రెండూ అందులోనే ఉన్నాయి. పశువు ఛాతీకీ కడుపుకీ మధ్య తెరలాగా ఉండే కండరాన్ని అక్కడ స్కర్ట్ అంటారు. సన్నగా, పొడుగ్గా, నడుముకు కట్టుకునే పట్టీలా ఉంటుంది కనుక, పట్టీ అనే అర్థం వచ్చే ‘ఫాహా’ అనే స్పానిష్ మాట నుంచి దానికి ‘ఫహీటా’ అనే పేరు వచ్చింది. దక్షిణ టెక్సస్ పశువుల క్షేత్రాల్లో మంచి మాంసం యజమానికి పోగా, తలకాయ, తోలు, పేగులతో పాటు ఈ పట్టీ కూడా కూలిలో భాగంగా పశువుల కాపరులకు దక్కేది. వాళ్ళు దాన్ని నిప్పుల మీద కాల్చి, నారకు అడ్డంగా సన్నటి చీలికలుగా కోసి, రొట్టెలో చుట్టుకుని తినేవారు. నారకు అడ్డంగా కోయడమే ఇక్కడ కీలకం. నార వెంట కోస్తే ఎంత నమిలినా తెగదు. నిన్ఫా గారు ఈ కాపరుల తిండిని ‘టాకోస్ అల్ కార్బోన్’, అంటే బొగ్గుల మీద కాల్చిన మాంసపు టాకోలు అన్న పేరుతో నగరపు భోజనబల్ల మీదికి తెచ్చారు. అంతవరకు హ్యూస్టన్‌లో టెక్స్-మెక్స్ భోజనం అంటే ముఖ్యంగా జున్ను కప్పి, కారపు గ్రేవీ పోసిన ఎంచిలాడాలే, అంటే టోర్టియా చుట్టలే. నిప్పుల వాసన, అప్పుడే ఒత్తిన రొట్టె, పక్కన అవకాడో, టొమాటియో అనే పచ్చటి టమాటాలాంటి కాయ, కొత్తిమీర కలిపి నూరిన ఆకుపచ్చ సాస్ — ఇవన్నీ కలిసి వచ్చేసరికి చమురు కంపెనీల పెద్దలు సైతం ఆ కార్మికుల పేటకు కార్లేసుకుని వచ్చారు. ఆమెను ఊరంతా ‘మామా నిన్ఫా’ అని పిలవసాగింది.

డెబ్భైల చివర హ్యూస్టన్ చమురు డబ్బుతో ఉప్పొంగుతున్న ఊరు. ఆ ఊపులోనే నిన్ఫాస్ శాఖలు హ్యూస్టన్ నలుమూలలా వెలిశాయి, ఇతర నగరాలకూ వెళ్ళాయి. కుటుంబం అక్కడితో ఆగకుండా బాంబొలీనోస్ అనే పిజ్జా దుకాణాలు, సముద్రపు చేపల వంటకాల హోటళ్ళు కూడా పెట్టింది.

అంత ఎదిగిన గొలుసూ తర్వాత కూలిపోయింది. గొలుసు హోటల్ పడిపోయిందంటే రుచి చెడిపోయి ఉంటుందని తేల్చేయడం మనకు అలవాటు. నిన్ఫాస్ విషయంలో నాకు కనిపించే ప్రధాన కారణం వేరు. ఆమె జనానికి రుచి చూపించిన వంటకం మీద ఆమెకు హక్కు లేదు, ఉండే అవకాశమూ లేదు. అది కాపరుల సొత్తు. ఆమెకంటే ముందే, 1969లో, సానీ ఫాల్కన్ అనే మాంసం వ్యాపారి కైల్ అనే చిన్న ఊళ్ళో జరిగిన ఉత్సవంలో ఫహీటాల అంగడి పెట్టారు. 1982లో ఆస్టిన్‌లోని హయత్ రీజెన్సీ హోటల్ మాంసాన్ని చుయ్యిమని పొగలు కక్కే ఇనుప పెనం మీద వడ్డించి, ఆ శబ్దాన్నే ప్రచారంగా మార్చుకుంది. ఆ తర్వాత అమెరికా అంతటా పెద్ద గొలుసులన్నీ ఫహీటాను మెనూలోకి ఎక్కించాయి. ఒకప్పుడు కూలికి ఇచ్చిన మాంసానికి గిరాకీ పెరిగి ధర చుక్కలనంటింది, ఎందుకంటే ఒక్కో పశువులో ఆ పట్టీ దొరికేది కొద్ది కిలోలే. చౌక సరుకుతో గొప్ప రుచి అందించడం మీద నిలబడిన హోటల్‌కు సరుకే ఖరీదైపోతే, అదే పళ్ళెం పక్క వీధిలో కూడా దొరుకుతుంటే, లాభం ఎక్కడ మిగులుతుంది?

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. అదే కాలంలో హ్యూస్టన్‌కు చెందిన టూ పెసోస్ అనే గొలుసు, శాన్ ఆంటోనియోలో 1978లో మొదలైన టాకో కబానా గొలుసు అలంకరణను అనుకరించిందన్న వ్యాజ్యం నడిచింది. ముదురు రంగులు, గోడ బొమ్మలు, లోపలి గదినీ ఆరుబయటి వసారానీ కలిపిన కూర్పు — ఇవి మావే అన్నది టాకో కబానా వాదన. 1992లో అమెరికా సుప్రీం కోర్టు ఆ వాదననే సమర్థించింది, మరుసటి ఏడాది టాకో కబానా ఏకంగా టూ పెసోస్‌నే కొనేసింది. హోటల్ గోడల వాలకానికి చట్టం కాపలా కాస్తుంది కానీ, ఆ గోడల మధ్య వడ్డించే టాకోకు మాత్రం కాయదు. మామా నిన్ఫాకు ఆ తీర్పు వల్ల ఒరిగేది ఏమీ లేదు.

1986లో ముడి చమురు ధర కుప్పకూలినప్పుడు హ్యూస్టన్ ఆర్థిక వ్యవస్థ కూడా దానితోపాటే కూలింది. బయట భోజనం చేసే జనం తగ్గారు. శాఖల అద్దెలూ, జీతాలూ, అప్పుల మీద వడ్డీలూ మాత్రం తగ్గలేదు. కొత్తగా పెట్టిన పిజ్జా దుకాణాల వంటివి భారాన్ని పంచుకోవడానికి బదులు పెంచాయి. పదేళ్ళు ఈడ్చుకొచ్చాక 1996లో కుటుంబపు సంస్థ చాప్టర్ 11 కింద, అంటే వ్యాపారం నడుపుతూనే అప్పులవాళ్ళ నుంచి రక్షణ కోరే దివాలా విధానం కింద, కోర్టును ఆశ్రయించింది. 1998లో నిన్ఫాస్ ఆస్టిన్‌కు చెందిన సెరానోస్ అనే సంస్థ చేతికి వెళ్ళింది. తన పేరు బోర్డు మీద ఉండగానే హోటల్ తనది కాకుండా పోవడాన్ని చూసి, మామా నిన్ఫా 2001లో కన్నుమూశారు.

నావిగేషన్ రోడ్డు మీది మొదటి హోటల్‌ను 2006లో లెగసీ రెస్టారెంట్స్ అనే మరో సంస్థ తీసుకుంది. వంటింటి బాధ్యత చెఫ్ అలెక్స్ పడీయాకు దక్కింది. ఆయన తల్లి ఒకప్పుడు ఇదే వంటింట్లో పనిచేసిన మనిషి. ఇతర శాఖలు వేరే యాజమాన్యాల కింద నిన్ఫాస్ పేరుతోనే నడిచాయి కనుక, తేడా తెలియడానికి దీని పేరులో ‘ఒరిజినల్’ చేరింది. కుటుంబం కూడా ఊరుకోలేదు. కొడుకు రోలండ్, మనుమడు డొమినిక్ 1998లోనే ఎల్ తియెంపో కాంతీనా అనే కొత్త హోటల్‌ను మొదలుపెట్టి, అవే కాల్చిన మాంసాలను అక్కడ వడ్డించసాగారు. అలా చూస్తే గొలుసు తెగిపోయింది గానీ చెయ్యి తెగిపోలేదు.

ఇక పళ్ళెం సంగతి. నేను బీఫ్ తినను కనుక అసలు ఫహీటా మీద తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. నాతో వచ్చిన మిత్రుడు మాత్రం తన పళ్ళెం ఖాళీ చేసేదాకా తల ఎత్తలేదు. నేను కోడి మాంసం తెప్పించుకున్నాను. కోడికి ఆ నడుం పట్టీ ఎక్కడుంది, చికెన్ ఫహీటా అనడమే తప్పు అని పాతకాలపు టెక్సస్ వాళ్ళు గొణుగుతారు. వెజ్ బిర్యానీ అనే మాట వింటే హైదరాబాద్ వాళ్ళు చేసే గోలే అది. ముక్క అంచులు నల్లబడి, లోపల రసం నిలిచి, నిమ్మ పులుపు సన్నగా తగిలింది. ఆకుపచ్చ సాస్ మన పచ్చి టమాటా పచ్చడికి దూరపు బంధువే గానీ, అవకాడో వల్ల కారం వెన్నలో మునిగినట్టు మెత్తబడుతుంది. ఆంధ్ర నాలుకకు కాస్త చప్పగానే ఉంటుంది. పక్కనే ఇచ్చే ఎర్ర సాస్ ఆ లోటు తీరుస్తుంది. నా దృష్టిలో అన్నింటికన్నా మేటి రొట్టెలే. మైదాతో చేసిన టోర్టియా పుల్కాలాగా ఉబ్బి, అక్కడక్కడ గోధుమరంగు మచ్చలతో పలచగా వస్తుంది. చల్లారితే మాత్రం తోలులా సాగుతుంది కనుక రెండేసి చొప్పున తెప్పించుకోవడం మంచిది.

హ్యూస్టన్‌లోనూ, దక్షిణాన పేర్లాండ్‌లోనూ ఉండే మనవాళ్ళలో శాకాహారులు ఎందరో ఉన్నారు. మెదిపిన బీన్స్‌లో పంది కొవ్వు వాడటం టెక్స్-మెక్స్ వంటలో పాత ఆచారం. అన్నాన్ని కూడా కోడి ఉడికించిన నీళ్ళతో వండటం మామూలే. కాబట్టి ఇక్కడే కాదు, ఏ టెక్స్-మెక్స్ హోటల్‌లోనైనా ఈ రెండింటి గురించి అడిగి తెలుసుకున్నాకే ఆర్డర్ ఇవ్వండి. ద్వారం దగ్గర రొట్టెలు చేత్తో ఒత్తే ఆవిడ కనిపించే వైపు బల్ల దొరుకుతుందని చెబితే, పది నిమిషాలు ఆగవలసి వచ్చినా దాన్నే తీసుకోండి.