పాత కవ్వం కొంటున్నారా? ముందు ఆ గాడి చూడండి

నమస్కారమండీ. ఈ కవ్వం చూడండి, కెమెరాకి కాస్త దగ్గరగా పెడుతున్నా. కర్ర మీద ఈ గాడి కనిపిస్తోందా? తాడు చుట్టి ఇటూ అటూ లాగగా లాగగా పడింది. ఏళ్ల తరబడి మజ్జిగ చిలికితే తప్ప రాదిది. ఇప్పుడు కొత్త కర్రకి నల్లరంగు పూసి ‘తాతల నాటిదండీ’ అని అంటగట్టేవాళ్లున్నారు. గాడిని కూడా ఉలితో చెక్కేస్తారు, కానీ అంచులు గరుకుగా ఉండిపోతాయి. వేలు పెడితే దొరికిపోతారు.

కత్తిపీటైనా అంతే. సానపట్టీ పట్టీ కత్తి సన్నబడి ఉండాలి, పీట మీద కాలు ఆనించే చోట చెక్క నున్నగా అరిగి ఉండాలి. కత్తి కొత్తదానిలా వెడల్పుగా ఉండి, పీట మాత్రం నల్లగా ఉందంటే నాకు అనుమానమే. తిరగలి కొంటే రెండు రాళ్లూ ఒక జతవేనా అని చూసుకోండి. పై రాయి వేరేదైతే సరిగా కూర్చోదు, మధ్యలో సందు తెలుస్తుంది. లోపల కక్కు కొట్టిన గంట్లు, అంటే గింజ నలగడానికి ఉలితో చెక్కిన గరుకు, ఉన్నాయేమో కూడా చూడండి.

ఇక నాకు ప్రాణమైనవి కొలపాత్రలు. మన విజయవాడ వన్‌టౌన్‌లో పాత ఇత్తడి తూకానికి అమ్మేచోట వెతుక్కోవాలి, కరిగించడానికి పోకముందే. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. 1956లో మెట్రిక్ కొలతల చట్టం వచ్చాక కొట్లలోంచి ఇవి పోయాయి గానీ, ఇళ్లలో బియ్యం కొలవడానికి చాలాకాలం నిలిచాయి. గిద్ద నుంచి కుంచం దాకా వరసగా పేరిస్తే, చూసినవాళ్లకి లెక్క మనం చెప్పక్కర్లేదు.

అంచు మీద చుక్కలతో కొట్టిన పేరుంటే చింతపండు పెట్టి అదేపనిగా తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. పేరు పక్కన సంవత్సరం ఉన్నా అది సారె పెట్టిన ఏడాది కావచ్చు, పాత్ర అంతకన్నా పాతదై ఉండొచ్చు. వాటిలో వండాలని సరదా పడితే మాత్రం ముందు లోపల కళాయి, అంటే తగరం పూత, పెట్టించండి.

చెక్క సామాన్లకి వార్నిష్ వద్దు. నా మటుకు నాకు ఆ మెరుపు చూస్తే ఒళ్లు మండుతుంది. పొడిబట్టతో తుడిచి, పుచ్చు రాలుతోందేమో అడుగున చూస్తే చాలు. ఇనుముకి వానాకాలం ముందు పల్చగా కొబ్బరినూనె రాయండి. కవ్వానికి మేకు కొట్టొద్దు, తాడుతో వేలాడదీయండి. రోలు, తిరగలి మాత్రం నేలమీదే. అపార్ట్‌మెంట్‌లో గాజు అర మీద తిరగలి పెట్టిన ఫోటోలు పంపుతున్నారు నాకు. చూస్తేనే టెన్షన్ వస్తోంది, దించేయండి బాబూ!