పర్యావరణ ఆరోగ్య ఇన్‌స్పెక్టరుకు ఏం నేర్పాలి?

గౌరవనీయులైన శిక్షకులకు, స్థానిక సంస్థల ఆరోగ్య విభాగాల అధికారులకు, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇన్‌స్పెక్టర్లకు నమస్కారం.

పర్యావరణ ఆరోగ్య ఇన్‌స్పెక్టర్ల శిక్షణ ఎలా ఉండాలన్న విషయంపై మాట్లాడమని నన్ను కోరారు. శిక్షణ అనగానే ముందుగా అంశాల పట్టిక తయారుచేసుకోవడం మనకు అలవాటు. ఆహార భద్రత, తాగునీరు, మురుగునీరు, దోమల నివారణ, శబ్ద కాలుష్యం, ఈత కొలనులు, చివరగా చట్టం అందులో ఉంటాయి. ఆ పట్టికతో నాకు పేచీ లేదు. అయితే ఈ అంశాలన్నీ విన్న ఇన్‌స్పెక్టరు కూడా తనిఖీకి వెళ్లి, ఫారంలోని గళ్లన్నీ నింపి, కళ్లెదుట ఉన్న ప్రమాదాన్ని గుర్తించకుండానే తిరిగి వచ్చే అవకాశం ఉంది. ఏ అంశం బోధించినా, అక్కడ దేనిని స్వయంగా కొలవాలో, ఆ కొలతకు ఆధారమైన కారణమేమిటో నేర్పనంతవరకు ఆ శిక్షణ సగంలో ఆగిపోయినట్లేనన్నది నా అభిప్రాయం.

ఈ అభిప్రాయానికి బలమైన ఆధారం కెనడాలోని అంటారియో ప్రావిన్స్‌కు చెందిన వాకర్టన్ పట్టణంలో దొరుకుతుంది. 2000 మే నెలలో కురిసిన భారీ వర్షాలకు పొలంలో వేసిన పశువుల ఎరువులోని బ్యాక్టీరియా పట్టణానికి నీరిచ్చే లోతు తక్కువ బావిలోకి చేరింది. 7 మంది మరణించారు, 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు. నీటి సరఫరా సిబ్బంది రోజూ శేష క్లోరిన్‌ను, అంటే క్రిములను చంపాక నీటిలో ఇంకా మిగిలి ఉన్న క్లోరిన్‌ను, కొలవకుండానే కొలిచినట్లు అంకెలు రాసేవారని, వారికి తగిన శిక్షణ లేదని, ప్రభుత్వ తనిఖీలు ఈ లోపాన్ని పట్టుకుని ఉండవలసిందని విచారణ కమిషన్ తేల్చింది. ఆ రోజువారీ పత్రాల్లో శేష క్లోరిన్ దాదాపు ఎప్పుడూ లీటరుకు 0.5 లేదా 0.75 మిల్లీగ్రాములుగానే నమోదై ఉంది.

ఈ వివరం దగ్గర మనం కాసేపు ఆగాలి. బావి నీటిలో వాన తర్వాత మట్టి, సేంద్రియ పదార్థం పెరుగుతాయి, వాటితో చర్య జరిపి క్లోరిన్ ఖర్చవుతుంది, కాబట్టి నిజంగా కొలిచిన అంకె రోజురోజుకూ ఎంతో కొంత మారుతూనే ఉంటుంది. నెల పొడుగునా ఒకే అంకె కనిపిస్తే ఇన్‌స్పెక్టరు దానిని సక్రమ నిర్వహణకు గుర్తుగా తీసుకోకూడదు, అక్కడే అనుమానించాలి. క్లోరిన్ ఎందుకు ఖర్చవుతుందో తెలిసిన వారికి ఆ అనుమానం వెంటనే వస్తుంది. కనీస పరిమితి ఎంతో మాత్రమే తెలిసిన వారు, అంకె పరిమితికి పైనే ఉంది కదా అని సంతకం చేసి ముందుకు సాగుతారు. శిక్షణలో భాగంగా ఒక నెల రిజిస్టరును, అదే నెల వర్షపాతం వివరాలను పక్కపక్కన పెట్టి, ఏ రోజు నమోదు నమ్మదగినదో, ఏది కాదో అభ్యర్థుల చేత చెప్పించాలని నేను గట్టిగా కోరుతున్నాను.

రిజిస్టరును అనుమానించడం ఎంత అవసరమో, స్వయంగా కొలవడం అంతకన్నా అవసరం. శేష క్లోరిన్ పరీక్షలో డీపీడీ అనే రసాయనపు మాత్ర వేస్తే క్లోరిన్ ఉన్న నీరు గులాబీ రంగుకు తిరుగుతుందని అందరికీ చెబుతాం. కానీ క్లోరిన్ మోతాదు మరీ ఎక్కువగా ఉన్నప్పుడు ఆ గులాబీ రంగు ఒక్క క్షణం కనిపించి విరిగిపోతుందని, అప్పుడు నీరు క్లోరిన్ బొత్తిగా లేనట్లు రంగు లేకుండా కనిపిస్తుందని ఎందరికి చూపిస్తున్నాం? ఆ తప్పుడు సున్నాను నమ్మితే ఇంకా క్లోరిన్ కలపమని ఇన్‌స్పెక్టరే ఆదేశించే ప్రమాదం ఉంది. మాత్ర వేశాక ఆలస్యం చేస్తే సంయోజిత క్లోరిన్ (అమ్మోనియా వంటి వాటితో కలిసిపోయిన క్లోరిన్) కూడా రంగునిచ్చి, స్వేచ్ఛా క్లోరిన్ (దేనితోనూ కలవకుండా మిగిలినది) ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. ఇలాంటివి మాటలతో అర్థం కావు, ప్రతి అభ్యర్థీ తన చేతులతో చేసి, తన కళ్లతో చూడాలి.

బ్యాక్టీరియా పరీక్షకు నమూనా తీయడమూ అంతే జాగ్రత్తగా నేర్పవలసిన పని. క్లోరిన్ కలిపిన నీటికి వాడే సీసాలో ముందుగానే సోడియం థయోసల్ఫేట్ ఉంటుంది. సీసాలోకి చేరిన తర్వాత కూడా క్లోరిన్ బ్యాక్టీరియాను చంపుతూ పోకుండా అది ఆపుతుంది. శుభ్రం చేస్తున్నామన్న ఉద్దేశంతో ఆ సీసాను నీటితో తొలిస్తే ఆ రసాయనం కొట్టుకుపోయి, కలుషితమైన నీరు కూడా ప్రయోగశాలలో సురక్షితంగా తేలవచ్చు. నమూనాను చల్లగా, వెలుతురు తగలకుండా, వీలైనంత వరకు 6 గంటల్లోపు, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటలు దాటకుండా ప్రయోగశాలకు చేర్చాలి.

ఆహార భద్రత విషయానికి వస్తే, 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ వరకు ప్రమాదకర మండలమని, ఆహారం లోపలి భాగం కనీసం 70 డిగ్రీలకు చేరేలా వండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన సూత్రాలు ప్రతి శిక్షణలోనూ ఉంటాయి. తనిఖీలో మనం ఎక్కువగా చూసేది కూడా వండటాన్నీ, ఫ్రిజ్‌నూ. ఈ రెండింటి మధ్య జరిగే చల్లార్చడం మీద మన దృష్టి తక్కువ. నా దృష్టిలో వంటశాల తనిఖీలో అత్యంత నిర్లక్ష్యానికి గురవుతున్న దశ అదే. క్లోస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా బీజాలు వంట వేడికి చావవు. ఆహారం నెమ్మదిగా చల్లారుతూ 43 నుంచి 47 డిగ్రీల మధ్యకు వచ్చినప్పుడు అవి మొలకెత్తి, అనుకూల పరిస్థితుల్లో సుమారు పది నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. పెద్ద పాత్రను అలాగే ఫ్రిజ్‌లో పెట్టినప్పుడు అంచులు చల్లబడినా మధ్యభాగం గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. అమెరికా నమూనా ఆహార నియమావళి 57 డిగ్రీల నుంచి 21 డిగ్రీలకు 2 గంటల్లో, మొత్తం 6 గంటల్లో 5 డిగ్రీలకు దించాలని చెప్పడానికి కారణం ఇదే. కనుక ఇన్‌స్పెక్టరు ఫ్రిజ్ తలుపు మీది అంకెను చూసి సరిపెట్టుకోకుండా, లోతైన పాత్ర మధ్యలోకి ప్రోబ్ (థర్మామీటరు కొలిచే కడ్డీ) దించి, అంకె నిలకడగా ఆగేవరకు వేచి ఉండాలి. తిరిగి మరిగిస్తే అన్నీ సర్దుకుంటాయని వాదించేవారికి, బాసిల్లస్ సీరియస్ అనే మరో బ్యాక్టీరియా విడుదల చేసే వాంతి కలిగించే విషం మరిగించినా నశించదని వివరించగలగాలి.

థర్మామీటరు గురించి ఒక్క మాట. దంచిన ఐసు ముక్కలను నీటితో కలిపి అందులో ప్రోబ్ ఉంచితే 0 డిగ్రీలు చూపించాలి. మరిగే నీటితో కూడా సరిచూడవచ్చు గానీ, సముద్రమట్టానికి ఎత్తుకు వెళ్లేకొద్దీ నీరు 100 డిగ్రీలకన్నా తక్కువలోనే మరుగుతుంది. తనిఖీకి బయలుదేరే ముందు ఈ పరీక్ష చేసి, తేదీ వేసి రాసుకోని ఇన్‌స్పెక్టరు తీసిన రీడింగును ఎదుటి పక్షం న్యాయవాది ఒక్క ప్రశ్నతో పక్కన పెట్టించగలడు.

శబ్దం, దోమలు వంటి అంశాలకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. ఒకే స్థాయిలో మోగే రెండు యంత్రాలు కలిస్తే డెసిబెళ్లు రెట్టింపు కావని, 3 మాత్రమే పెరుగుతాయని ముందు మీటరుతో చూపించి, ఆ తర్వాత పరిమితులు చెప్పాలి. ఏడిస్ దోమ గుడ్లు నీటి మట్టానికి కాస్త పైన పాత్ర గోడకు అంటుకుని, ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉంటాయని తెలిసిన ఇన్‌స్పెక్టరు, నీరు పారబోయించడంతో ఆగకుండా పాత్ర గోడలను రుద్ది కడిగిస్తాడు.

ఇక నేను అన్నిటికన్నా ఎక్కువ ఆందోళనతో చెప్పే అంశం ఇన్‌స్పెక్టరు సొంత ప్రాణరక్షణ. మురుగు మ్యాన్‌హోళ్లలో, సెప్టిక్ ట్యాంకుల్లో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్ది మోతాదులో కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. కానీ గాలిలో దాని మోతాదు 10 లక్షల భాగాలకు సుమారు 100 భాగాలకు చేరేసరికి ముక్కు ఆ వాసనను పట్టే శక్తినే కోల్పోతుంది. వాసన తగ్గింది కనుక గాలి శుభ్రపడిందని భావించి కిందికి దిగినవారు, వారిని కాపాడబోయి వెంట దిగినవారు వరసగా ప్రాణాలు కోల్పోయిన సంఘటనలు ఎన్నో దేశాల్లో మళ్లీ మళ్లీ జరుగుతున్నాయి. గ్యాస్ మీటరుతో పైన, మధ్యలో, అడుగున విడివిడిగా కొలవకుండా, ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గలేదని నిర్ధారించుకోకుండా, గాలి ఆడే ఏర్పాటు, ఒంటికి తొడిగిన రక్షణ పట్టీలకు (హార్నెస్) కట్టిన తాడు, పైన కాపలా మనిషి లేకుండా ఏ ఇన్‌స్పెక్టరూ లోపలికి వంగకూడదు, మరొకరిని దిగమని చెప్పకూడదు. పని తొందరగా తెమలాలని పైఅధికారి ఒత్తిడి చేసినా నిరాకరించే హక్కు తనకు ఉందని శిక్షణలోనే స్పష్టంగా చెప్పాలి.

నివేదిక రాయడం కూడా కొలతలాంటి నైపుణ్యమే. ‘వంటగది అపరిశుభ్రంగా ఉంది’ అన్న వాక్యం ఎవరికీ ఉపయోగపడదు. ‘ఉదయం 11.20కి చేతులు కడిగే సింకులో పాత్రలు పేర్చి ఉన్నాయి, సబ్బు లేదు, ఫ్రిజ్‌లోని వండిన ఆహారం మధ్యభాగం 14 డిగ్రీలు ఉంది’ అని రాస్తే, ఏం సరిచేయాలో యజమానికి తెలుస్తుంది, ఏం జరిగిందో న్యాయస్థానానికీ తెలుస్తుంది. కారణాన్ని వివరించి చెప్పిన ఇన్‌స్పెక్టరు మాటను యజమానులు ఎక్కువ కాలం పాటిస్తారని, జరిమానా భయంతో చేసిన మార్పు చాలాచోట్ల తర్వాతి తనిఖీ వరకే నిలుస్తుందని నా నమ్మకం.

చివరిగా ఒక ప్రతిపాదన. శిక్షణ ముగిసే ముందు ప్రతి అభ్యర్థీ ఒక అనుభవజ్ఞుడైన ఇన్‌స్పెక్టరుతో కలిసి ఒకే స్థలాన్ని ఒకే సమయంలో తనిఖీ చేయాలి. ఇద్దరూ మాట్లాడుకోకుండా, ఎవరి పరికరంతో వారు కొలిచి, ఎవరి నివేదిక వారు రాయాలి. ఆ తర్వాత రెండు నివేదికలను పక్కపక్కన పెట్టి, తేడా వచ్చిన ప్రతిచోటికీ ఇద్దరూ మళ్లీ వెళ్లి కలిసి కొలవాలి. పరికరంలో తేడా ఉంటే దానిని సరిచేయించాలి, నియమాన్ని అర్థం చేసుకోవడంలో తేడా ఉంటే దానిని శిక్షకుల దృష్టికి తేవాలి. సర్వీసులో ఉన్నవారికి కూడా ఏటా ఒకసారి ఇదే కసరత్తు జరగాలని, అందులో తప్పు దొరికిన సీనియరుపై చర్య ఉండదన్న హామీని విభాగం రాతపూర్వకంగా ఇవ్వాలని కోరుతున్నాను, ఎందుకంటే ఆ హామీ లేకపోతే ఇద్దరూ ముందే మాట్లాడుకుని ఒకే అంకె రాస్తారు.