ముఖపరిచయం ఖరీదెంత? కాన్ఫరెన్సులకు వెళ్లే సివిల్ ఇంజినీర్ల కోసం

[తెర మీద: విజిటింగ్ కార్డుల డబ్బా. మూత తీస్తే దాదాపు నిండుగానే ఉంది.]

నమస్కారం అండీ. ఈ డబ్బా పదేళ్లకు పైగా నా బీరువాలో పడి ఉంది. 2014 డిసెంబరులో కాకినాడలో ఇండియన్ జియోటెక్నికల్ కాన్ఫరెన్స్ అని, మట్టి, పునాదుల ఇంజినీర్ల సదస్సు జరిగింది. వెళ్తున్నాం కదా అని వంద కార్డులు వేయించుకున్నాను. తిరిగొచ్చి లెక్కపెడితే 96 ఉన్నాయి. పోయిన నాలుగింట్లో ఒకటి లాడ్జి రిసెప్షన్‌లో అడిగితే ఇచ్చింది.

ఏం జరిగిందంటే, మా ఆఫీసు నుంచి నలుగురం వెళ్లాం. మూడు రోజులూ ఒకే వరసలో కూర్చున్నాం. భోజనాల దగ్గర ఒకే మూల నిలబడి తిన్నాం. సాయంత్రం కలిసే వెళ్లి కాజాలు కొనుక్కున్నాం, కలిసే గౌతమి ఎక్కి వచ్చేశాం. రోజూ పక్క సీట్లో ఉండే మనిషితో మాట్లాడడానికి కాకినాడ దాకా ఎందుకు, చెప్పండి?

అయితే ఆ మూడు రోజుల్లో ఒక రెండు గంటలు మాత్రం నాకు తర్వాత అన్నం పెట్టాయి. ఆ సంగతికి వస్తాను. ముందు, ఈ పరిచయాలు అసలు ఎలా పనిచేస్తాయో చూద్దాం. కొంచెం సోషియాలజీ ఉంది, ఓపిక పట్టండి.

[తెర మీద: మూడు నిలువు కడ్డీలు. 16.7, 55.6, 27.8.]

మార్క్ గ్రానొవెటర్ అని అమెరికాలో ఒక సోషియాలజిస్టు. బోస్టన్ పక్కన న్యూటన్ అనే ఊళ్లో, కొత్తగా ఉద్యోగం మారినవాళ్లను కలిసి ముఖ్యంగా రెండు ప్రశ్నలు అడిగాడు. ఈ ఉద్యోగం సంగతి మీకు ఎవరు చెప్పారు? ఆ రోజుల్లో ఆ మనిషిని ఎన్నాళ్లకోసారి కలిసేవారు? తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో, ఆ తెలిసిన మనిషిని తరచూ కలిసేవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడు కలిసేవాళ్లు 55.6 శాతం. ఏడాదికోసారో, అది కూడా లేదో అనేవాళ్లు 27.8 శాతం. లెక్కలో ఉన్నది 54 మందే, చిన్న శాంపిల్. అయినా 1973లో అచ్చయిన ఆ పేపరును ఈ రోజుకీ చెప్పుకుంటూనే ఉన్నారు. అన్నట్టు, 1969లో ఇంకో జర్నల్‌కు పంపితే వాళ్లు వద్దని తిప్పి పంపారు. పేపర్ రిజెక్ట్ అయిందని దిగులు పడుతున్న పీహెచ్‌డీ తమ్ముళ్లూ చెల్లెళ్లూ, వింటున్నారా?

ఈ పలచటి బంధానికి మనకు ఎప్పటినుంచో ఒక మాట ఉంది. ముఖపరిచయం. "ఆయన నాకు బాగా తెలుసండీ" అనలేం, "ఎవరో తెలీదు" అనీ అనలేం. ఆ మధ్యలో ఉండే మనిషి.

మరి ఉద్యోగం సంగతి ప్రాణస్నేహితుడికి తెలియకుండా, ముఖపరిచయస్తుడికి ఎలా తెలుస్తుంది? మీ హాస్టల్ వాట్సాప్ గ్రూపు తెరిచి చూడండి. అందరూ ఒకే కాలేజీ, సగం మంది ఒకే కంపెనీ. ఒకడికి వచ్చిన కబురు సాయంత్రానికల్లా అందరికీ వచ్చేస్తుంది. మీకు తెలియనిది వాళ్లకూ తెలియదు. వాళ్లకు మనసు లేక కాదు, వాళ్ల దగ్గర కొత్త కబురు లేక. అదే విశాఖలో పైలింగ్, అంటే పునాది కోసం భూమిలోకి లోతుగా స్తంభాలు దించే పని, చేయించే కాంట్రాక్టరు ఒకాయన మీకు ముఖపరిచయం అయితే, ఆయన తిరిగే లోకమే వేరు. అక్కడ ఎవరికి ఎలాంటి ఇంజినీరు కావాలో ఆయన చెవిన పడుతుంది.

2022లో దీన్నే చాలా పెద్ద ఎత్తున మళ్లీ పరీక్షించారు. లింక్డ్‌ఇన్‌లో "మీకు తెలిసినవాళ్లు కావచ్చు" అని కొందరిని చూపిస్తుంది కదా. ఆ చూపించే పద్ధతిని మార్చి మార్చి, ఐదేళ్లలో రెండు కోట్ల మంది మీద ఏం జరిగిందో చూశారు. సైన్స్ పత్రికలో వచ్చింది. గ్రానొవెటర్ మాట నిలబడింది, ఒక చిన్న సవరణతో. మరీ ముక్కూ మొహం తెలియనివాళ్ల వల్ల లాభం తక్కువ. ఓ మోస్తరుగా తెలిసినవాళ్లు, మనకూ వాళ్లకూ ఉమ్మడి మిత్రులు కొద్దిమందే ఉన్నవాళ్లు, వాళ్ల వల్లే ఎక్కువ. అంటే ఊరికే ఐదు వందల మందికి రిక్వెస్టులు కొడితే రాదు. ముఖం చూసి ఉండాలి, నాలుగు మాటలు కలిసి ఉండాలి.

ఇలాంటి ముఖపరిచయాలు పనిగట్టుకుని దొరికే చోటే అసోసియేషన్.

[తెర మీద: ఖైరతాబాద్ కూడలి, విశ్వేశ్వరయ్య విగ్రహం.]

సివిల్ వాళ్లకు దగ్గరలో ఉన్నవి చెప్తాను. ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ 1920లో పుట్టింది, 1935లో రాయల్ చార్టర్ వచ్చింది, హెడ్డాఫీసు కోల్‌కతా. హైదరాబాద్ సెంటర్ ఖైరతాబాద్‌లో. ఇందులో మెంబర్ అయి చార్టర్డ్ ఇంజినీర్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే కొన్నిచోట్ల నేరుగా పని ఉంటుంది. విదేశాల నుంచి పాత యంత్రాలు దిగుమతి చేసుకునేటప్పుడు కస్టమ్స్ వాళ్లు అడిగే సర్టిఫికెట్ ఇలాంటి వాళ్లు ఇచ్చేదే. కాంక్రీటు వాళ్లకు 1982లో మొదలైన ఇండియన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. మట్టి, పునాదుల వాళ్లకు 1948 నాటి ఇండియన్ జియోటెక్నికల్ సొసైటీ. హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ దీనికి చాప్టర్లున్నాయి. రోడ్ల వాళ్లకు 1934లో జయకర్ కమిటీ సిఫార్సు మీద పెట్టిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్.

అన్నింట్లో చేరకండి. మీరు రోజూ చేసే పని ఏదో, దానికి దగ్గరగా ఉన్నది ఒకటి చాలు. మూడు సంఘాల కార్డులు పర్సులో పెట్టుకుని ఒక్క మీటింగుకూ వెళ్లనివాళ్లు నాకు బోలెడుమంది తెలుసు.

ఇప్పుడు మీ టేబుల్ మీద ఉన్న కోడ్ పుస్తకం, అదే, రోడ్డో బిల్డింగో ఎలా కట్టాలో నియమాలు రాసి ఉండేది, తీయండి.

[తెర మీద: కోడ్ పుస్తకం మొదటి పేజీలు నెమ్మదిగా తిరుగుతాయి.]

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల ఐఆర్‌సీ 37, ఫ్లెక్సిబుల్ పేవ్‌మెంట్లది, అంటే తారు రోడ్లది. మనం ఎప్పుడూ నేరుగా టేబుళ్లకో, గ్రాఫులకో వెళ్లిపోతాం. మొదటి పేజీలు ఎవరూ తిప్పరు. అక్కడ ఏమున్నాయి? పేర్లు. కమిటీ కన్వీనరు, సభ్యులు. కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 అయితే ఆ జాబితా చివర్లో, అనుబంధంలో ఉంటుంది. "కోడ్ చెప్పింది" అంటుంటాం కదా, కోడ్ అంటే ఆకాశవాణి కాదు. ఈ పేర్ల వాళ్లు ఒక గదిలో కూర్చుని, వాదించుకుని, చివరికి ఒప్పుకున్న మాట. వాళ్లలో ప్రొఫెసర్లుంటారు, ప్రభుత్వ ఇంజినీర్లుంటారు, కన్సల్టెంట్లుంటారు. సొసైటీ పనుల్లో ఏళ్ల తరబడి కనిపించినవాళ్లే మెల్లగా ఆ గదిలోకి వెళ్తారు.

మీరు ఆ గదిలోకి రేపే వెళ్లలేరు. కానీ బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ వాళ్లు కొత్త కోడ్ ముసాయిదాలను అభిప్రాయాల కోసం బయట పెడతారు. ఎవరైనా రాయొచ్చు. "ఫలానా క్లాజు సైట్‌లో ఇలా ఇబ్బంది పెడుతోంది, ఈ ఫొటో చూడండి" అని ఒక పేజీ రాయండి. మా జూనియర్ ఒకమ్మాయి అలా రాసింది. మా లోకల్ చాప్టర్ సెక్రటరీ గారికి కూడా ఒక కాపీ పంపింది. నెల తిరగకుండానే ఆయన ఫోన్ చేసి, "అమ్మా, ఇదే విషయం మీద మన మీటింగులో ఇరవై నిమిషాలు మాట్లాడతావా?" అన్నారు.

ఇక కాన్ఫరెన్సు సంగతి. ఇవి ఎందుకు పెడతారో తెలియాలంటే 1936కు వెళ్లాలి. మట్టి గురించి లెక్కలు కట్టేవాళ్లు అప్పటికి ఒక్కో దేశంలో ఒక్కొక్కరు, ఎవరి గోల వాళ్లది. ఆ ఏడాది హార్వర్డ్‌లో కార్ల్ టెర్జాగీ అధ్యక్షుడిగా మొదటి అంతర్జాతీయ సదస్సు పెట్టారు. సాయిల్ మెకానిక్స్ ఒక శాస్త్రంగా నిలదొక్కుకోవడానికి ఆ కలయిక పెద్ద కారణం. పేపర్లు పోస్టులో కూడా పంపుకోవచ్చు. కానీ పక్కన నిలబడి, "మీ ఊళ్లో మట్టి ఎలా ఉంటుంది?" అని అడగాలంటే వెళ్లాల్సిందే.

[తెర మీద: పెద్ద బల్ల, దాని మీద సర్టిఫికెట్ల దొంతర.]

నా రెండు గంటలకు వస్తున్నాను. కాకినాడలో మూడో రోజు మధ్యాహ్నం పార్టిసిపేషన్ సర్టిఫికెట్లు ఇస్తున్నారు. కౌంటర్లో ఇద్దరే స్టూడెంట్లు, ఎదురుగా కొండవీటి చాంతాడంత క్యూ. సర్టిఫికెట్లేమో అక్షరక్రమంలో లేవు. నాది ఎంతకీ దొరకలేదు. విసుగొచ్చి, "తమ్ముడూ, సగం ఇటివ్వు, నేను సర్దుతా" అని బల్ల అవతలికి వెళ్లాను. అంతే, రెండు గంటలు అక్కడే.

నేను మొహమాటస్తుణ్ని. తెలియని మనిషి దగ్గరికి వెళ్లి నన్ను నేను పరిచయం చేసుకోవాలంటే నాలుక మడతపడుతుంది. కానీ బల్ల వెనక నిలబడ్డాక ఆ బాధే లేదు. "పేరు చెప్పండి సర్. ఏ ఊరు నుంచండీ?" అని ఎవరినైనా అడగొచ్చు, వాళ్లే నా దగ్గరికి వస్తున్నారు. ఒక పెద్దాయన సర్టిఫికెట్ మీద ఇంటిపేరు తప్పు పడింది. దిద్దించి ఇచ్చేసరికి పావుగంట పట్టింది. ఆ పావుగంటలో మాటలు కలిశాయి. విశాఖ ఆయనది, పైలింగ్ కాంట్రాక్టులు. నరసరావుపేట వైపు ఒక గోడౌన్ కట్టారట, నల్లరేగడి, గోడలు నెర్రెలిచ్చాయట. నేను చేసిన ఒక పని చెప్పాను. అండర్ రీమ్డ్ పైల్, అంటే అడుగున గడ్డలా ఉబ్బి ఉండే పైల్. ఆ గడ్డ వెడల్పు కాండానికి రెండున్నర రెట్లు. ఎండకీ వానకీ మట్టి ఉబ్బి కుంగే పొర దాటి, కనీసం మూడున్నర మీటర్ల లోతుకు దించాలి. మేం రెండు మీటర్లకే ఆపి ఎలా దెబ్బతిన్నామో కూడా చెప్పాను. ఆయన నవ్వారు. మా కార్డులు మారాయి. ఆయన కార్డు వెనక "గోడౌన్, నల్లరేగడి, ఇంటిపేరు తప్పు" అని రాసుకున్నాను.

పద్నాలుగు నెలల తర్వాత ఆయన ఫోన్ చేశారు. ఒక సాయిల్ రిపోర్టు చూసి పెట్టాలన్నారు. ఆ పని ఇచ్చిన కంపెనీలోనే నేను తర్వాత ఆరేళ్లు చేశాను.

అందుకే మొహమాటం ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఇదొక్కటే. నెట్‌వర్కింగ్ అనే మాట మర్చిపోయి, బల్ల వెనక ఏదో ఒక పని పట్టుకోండి. కిట్ బ్యాగులు ఇవ్వడం, స్పీకర్‌ను స్టేషన్ నుంచి తీసుకురావడం, సెషన్‌లో మైక్ అందించడం, ఏదైనా సరే. నిర్వాహకులకు ఎప్పుడూ మనుషులు చాలరు. రెండు వారాల ముందు ఈమెయిల్ పెడితే కాదనే వాళ్లను నేను చూడలేదు.

కలిసిన మర్నాడు మెసేజ్ పెట్టాలి. ఇవి రెండూ చూడండి.

[తెర మీద: రెండు వాట్సాప్ మెసేజ్‌లు.]

"నమస్తే సర్. నా రెజ్యూమె పంపుతున్నాను. ఏమైనా ఓపెనింగ్స్ ఉంటే చెప్పగలరు." ఇది చూసి పక్కన పెట్టేస్తారు. ఆ స్థానంలో నేనున్నా అంతే.

"నమస్తే సర్. నిన్న సర్టిఫికెట్ల దగ్గర కలిశాను, మీ ఇంటిపేరు దిద్దించింది నేనే. మీరు అడిగిన స్వెల్ ప్రెషర్ టెస్ట్ ఫార్మాట్ పంపుతున్నాను." స్వెల్ ప్రెషర్ అంటే మట్టి ఉబ్బేటప్పుడు వేసే ఒత్తిడి. దీనికి జవాబు వస్తుంది. అడగడం తర్వాత, ముందు ఇచ్చారు కాబట్టి.

ఒక కోపం కూడా చెప్పుకోవాలి. మన సంఘాల సాయంకాలం లెక్చర్లు ఆరింటికి మొదలై ఎనిమిదింటికి అయిపోతాయి. ఆ తర్వాత టీ. అసలు మాటలన్నీ ఆ టీ దగ్గరే. ఇంట్లో చిన్నపిల్లలున్న ఆడవాళ్లు ఏడున్నరకే లేచి వెళ్లిపోవాలి. లెక్చరు దక్కుతుంది, ముఖపరిచయాలు దక్కవు. టీ ఐదున్నరకు పెట్టి, ఆరున్నరకు లెక్చర్ మొదలుపెడితే పోయేదేముంది? మా చాప్టర్‌లో రెండుసార్లు అడిగాను. "క్యాటరింగ్ వాడితో మాట్లాడాలండీ" అన్నారు. ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు.

డబ్బులు గుంజే కాన్ఫరెన్సుల సంగతీ చెప్పాలి. పేపర్ పంపిన రెండు రోజులకే అంగీకారం వచ్చిందా? ఒకే సదస్సులో సివిల్, నర్సింగ్, మేనేజ్‌మెంట్, సాహిత్యం అన్నీ ఉన్నాయా? ఏర్పాటు చేసేవాళ్ల పేర్లలో మీ రంగంవాళ్లు ఒక్కరూ లేరా? డబ్బు కట్టకండి. నేను ఒకసారి కట్టాను. గంటలో పద్నాలుగు పేపర్లు చదివించారు. నా వంతు వచ్చేసరికి మైక్ ఆపేసి ఫొటోకు నిలబెట్టారు.

అమెరికాలో చదువుతున్నవాళ్లకు ఒక ముక్క. 1852 నాటి అమెరికన్ సొసైటీ ఆఫ్ సివిల్ ఇంజినీర్స్‌లో విద్యార్థులకు సభ్యత్వం ఉచితం. మనవాళ్లు అక్కడ అసోసియేషన్ అనగానే తానా, ఆటా అనుకుంటారు. వాటికీ వెళ్లండి, పులిహోర బాగుంటుంది, మనుషులూ కలుస్తారు. కాకపోతే అక్కడ మీ పక్కన కూర్చునేది మళ్లీ సాఫ్ట్‌వేర్ బావగారే.

ఇక్కడ ఉన్నవాళ్లయితే, సెప్టెంబరు 15 ఇంజినీర్స్ డే, విశ్వేశ్వరయ్య పుట్టినరోజు. మీకు దగ్గరలో ఉన్న సెంటర్లో ఏదో ఒక కార్యక్రమం ఉంటుంది. అరగంట ముందే వెళ్లండి. అప్పటికి ఎవరో ఒక పెద్దాయన ఒక్కరే బ్యానర్ కట్టడానికి తంటాలు పడుతుంటారు. రెండో కొస పట్టుకోండి.

[తెర మీద: మళ్లీ కార్డుల డబ్బా.]

ఈ కార్డులంటారా, వీటి మీద పాత ఫోన్ నంబరు ఉంది. మా అమ్మాయి వెనకవైపు ఎక్కాలు రాసుకుంటోంది. ప్రస్తుతం పదమూడో ఎక్కంలో ఉంది.