నాకు తెలియక అడుగుతానూ...

ఉపాధ్యాయ మిత్రులందరికీ నమస్కారం.

హాస్య ప్రదర్శనలు ఇచ్చే నాలాంటివాళ్లను బడికి పిలిచినప్పుడు ప్రధానోపాధ్యాయులు ఎక్కువగా అడిగేది ఒకటే: "వార్షికోత్సవం దగ్గరపడింది, పిల్లలతో మంచి స్కిట్ ఒకటి వేయించండి." స్కిట్ వేయించడం పెద్ద పనేం కాదు. గడగడా మాట్లాడే నలుగురు పిల్లలెవరో టీచర్లే చూపిస్తారు. వాళ్లకు డైలాగులు బట్టీ పట్టిస్తే చప్పట్లు మోగుతాయి. మిగతా క్లాసంతా కింద కూర్చుని ఆ నలుగురినీ చూస్తుంది. ఏడాది పొడుగునా వాళ్లు చేస్తున్నది కూడా అదే. ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది కింద కూర్చున్న పిల్లల గురించి.

క్లాసులో నవ్వు లేదని ఎవరూ అనలేరు. అది ఎవరి మీద పడుతోందో చూడాలి. లావుగా ఉన్న పిల్ల, నత్తి ఉన్న పిల్లాడు, ఇంటి యాసలో జవాబు చెప్పినవాడు, పద్యం మధ్యలో ఆగిపోయినవాడు. క్లాసంతా ఒక్కసారి గొల్లుమందంటే ఆ పిల్ల ఇక చెయ్యెత్తదు. జవాబు తెలిసినా నోరు విప్పదు. మనం దాన్ని సిగ్గు అనుకుంటాం, కొన్నిసార్లు మొద్దు అని కూడా అనేస్తాం.

అందుకే పిల్లలతో నేను నడిపే హాస్య ఆటల వర్క్‌షాపులో మొదటి నియమం ఇది: మనిషికి పుట్టుకతో వచ్చినదాన్ని అనుకరించకూడదు, మనిషి చేసే పనిని అనుకరించవచ్చు. నత్తి, కుంటు, రంగు జోలికి వెళ్లం. సారు బోర్డు తుడిచి చేతులు దులుపుకునే తీరు, అమ్మ ఫోన్‌లో చుట్టాలతో మాట్లాడేటప్పుడు మారే గొంతు, ఇవి చేయొచ్చు. ఒక ఏడో తరగతి పిల్లాడు ఆర్టీసీ కండక్టర్‌ను చేసి చూపించాడు. సంచీ చంకలో ఇరికించుకుని, నడుము సీటు కడ్డీకి ఆనించి, నోట్లను నిలువుగా మడిచి వేళ్ల మధ్య పెట్టుకుని, చిల్లర అడిగేటప్పుడు మాత్రం మన మొహం చూడకుండా కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ చివరిది మాలో ఎవరూ గమనించని సంగతి. ఆ పిల్లాడు 'బస్సు ప్రయాణం' వ్యాసానికి నాలుగు వాక్యాలు మించి ఎప్పుడూ రాయలేదని వాళ్ల తెలుగు టీచరు చెప్పారు. ఆ రోజు పేజీ దాటి రాశాడు. చూసినదాన్ని ముందు ఒంటితో చెప్పాడు, తర్వాత కలంతో చెప్పాడు. మన తెలుగువాళ్లలో ధ్వన్యనుకరణకు, అంటే మిమిక్రీకి, పెద్ద దిక్కైన నేరెళ్ల వేణుమాధవ్ గారు కూడా వరంగల్‌లో కొంతకాలం బడిపంతులుగా పనిచేసినవారే. ఒకరి గొంతు పట్టుకోవాలంటే ముందు ఆ మనిషిని ఓపిగ్గా వినాలి. ఆ వినే అలవాటు బడికి ఎంత అవసరమో మీకు వేరే చెప్పక్కర్లేదు.

మేం ఆడించే ఆటల్లో చాలావాటి మూలం అమెరికాలోని షికాగోలో ఉంది. అక్కడ వలస కుటుంబాల కోసం 1889లో హల్ హౌస్ అనే సేవాకేంద్రం పెట్టారు. 1920ల్లో నీవా బోయిడ్ అనే ఆవిడ అక్కడ ఆటల ద్వారా పిల్లలకు నేర్పడంలో శిక్షణ ఇచ్చేవారు. ఆవిడ శిష్యురాలు వయోలా స్పోలిన్. 1930ల చివర్లో స్పోలిన్‌కు పేదవాడల్లో నాటక శిక్షణ బాధ్యత వచ్చింది. వచ్చే పిల్లలు రకరకాల దేశాలవాళ్లు, నాటకం ముఖం ఎరగనివాళ్లు. ఉపన్యాసాలతో పని జరగదని ఆవిడ ఒక్కో సమస్యకు ఒక్కో ఆట తయారుచేశారు. తర్వాత ఆవిడ కొడుకు పాల్ సిల్స్ అవే ఆటలు పట్టుకుని, మరికొందరితో కలిసి 1959లో సెకండ్ సిటీ అనే హాస్య నాటకశాల మొదలుపెట్టారు. ఇవాళ ప్రపంచమంతా చూస్తున్న ఇంప్రావ్ కామెడీకి, అంటే డైలాగులు ముందే రాసుకోకుండా అప్పటికప్పుడు అల్లే హాస్యానికి, గట్టి పునాదుల్లో ఒకటి పేద పిల్లల కోసం పుట్టిన ఆటలు. బడికి కామెడీ ఎందుకని ఎవరైనా అడిగితే నేను ఈ సంగతే చెబుతాను.

స్పోలిన్ చెప్పినవాటిలో మనకు కొరుకుడుపడనిది ఒకటుంది. మెచ్చుకోలు, తప్పుపట్టడం రెండూ పిల్లల్ని కట్టిపడేస్తాయన్నారు ఆవిడ. "వెరీ గుడ్" అనగానే పిల్లాడి దృష్టి ఆట మీద నుంచి సారు మొహం మీదికి పోతుంది. రెండోసారి మళ్లీ వెరీ గుడ్ కోసమే చేస్తాడు. పక్కవాళ్లు కూడా అదే చేస్తారు. కొత్తది ఎవరికీ తట్టదు.

ఒక ఆట గురించి కాస్త వివరంగా చెబుతాను. ఒకరు ఏ భాషా కాని భాషలో మాట్లాడాలి. పక్కనున్నవాళ్లు దాన్ని తెలుగులో 'అనువాదం' చేయాలి. ఒక తండా దగ్గరి బడిలో, ఇంట్లో లంబాడీ మాట్లాడే అమ్మాయి ఒకతి, క్లాసులో పెదవి విప్పనిది, ఈ ఆటలో లేచింది. చేతులు ఊపుతూ, గొంతు పెంచుతూ, వేలు చూపిస్తూ ఏదేదో అంది. ఉల్లిపాయలు అమ్ముతోందని మేమంతా అనుకున్నాం. అనువాదకుడు మాత్రం నిదానంగా, "మా తండాకు సాయంత్రం బస్సు వేస్తారా, వెయ్యరా అని కలెక్టర్‌ను అడుగుతోంది" అన్నాడు. క్లాసు పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఆ అమ్మాయి మీద పడలేదు, ఆమెతో కలిసింది. మర్నాడు పిల్లలే ఆమెను లంబాడీలో నిజమైన వాక్యాలు నేర్పమని అడిగారు. తెలుగు తడబడుతుందని భయపడే పిల్లకు, ఎవరికీ రాని భాషలో అందరూ సమానమే.

ఇదంతా మనకు కొత్తేమీ కాదు. బుర్రకథలో కథకుడికి ఇద్దరు వంతలు ఉంటారు కదా, ఒకరిది రాజకీయం, ఒకరిది హాస్యం. కథ మంచి ఊపులో ఉండగా హాస్యం చెప్పే ఆయన అడ్డం పడి, "నాకు తెలియక అడుగుతానూ" అని మొదలుపెడతాడు. కింద కూర్చున్న జనానికి వచ్చిన సందేహమే అది. కథకుడు కోప్పడడు, ఆగి జవాబు చెబుతాడు. ఆ అడ్డం పడేవాడు లేకపోతే కథ రక్తికట్టదు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క కూడా రామాయణం మధ్యలో దూరి ఊరి సంగతులు అడిగేవాళ్లే. మన కళల్లో హాస్యగాడికి అడిగే హక్కు ఉంది. అదే పని క్లాసులో పిల్లాడు చేస్తే మనం "ఎదురు మాట్లాడకు" అంటాం. నన్ను బాగా బాధపెట్టేది ఇదే. పిల్లలకు డైలాగులు ఇవ్వడం కన్నా ఆ అడిగే హక్కు ఇవ్వడం నాకు ముఖ్యం.

మీకు కొన్ని విన్నపాలు. వారానికి ఒక్క పీరియడ్ ఈ ఆటలకు ఇవ్వండి. బహుమతులు పెట్టొద్దు. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతులకు పుస్తకాల సంచీ లేని 10 రోజులు ఉండాలంది, ఏడాది పొడుగునా కళలకు అలాంటి రోజులు ప్రోత్సహించాలంది. ఆ రోజుల్లో మీ మండలంలోని బుర్రకథ దళాన్నో, తోలుబొమ్మల కుటుంబాన్నో పిలవండి, ఊరికే పిలవకుండా వాళ్లకు పారితోషికం ఇవ్వండి. ఇక ఫోన్లు. ఆట జరుగుతుంటే దయచేసి వీడియో తీయకండి. పిల్లాడు తడబడిన అరనిమిషం వాట్సాప్ గ్రూపులో పడితే, మనం తీసేయాలనుకున్న భయం రెట్టింపై తిరిగొస్తుంది. బడికి ప్రచారం కావాలంటే గోడ మీద పిల్లలు రాసిన కాగితాలు అంటించి, వాటిని ఫొటో తీయండి.

టీ తర్వాత ఈ కుర్చీలన్నీ గోడ వారకు జరుపుదాం. భాష కాని భాష ఆట ముందు మనమే ఆడాలి. ప్రధానోపాధ్యాయులు మాట్లాడతారు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు అనువాదం చేస్తారు.