ఆ టిక్కు సంగతి

వేదిక మీది పెద్దలకు, సింగరాయకొండ, టంగుటూరు, దర్శి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన ఆఫీసు సిబ్బందికి నమస్కారం. శాలువాలు తర్వాత చూసుకుందాం, కరెంటు ఉండగానే విషయంలోకి పోదాం.

కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కి పాస్‌వర్డ్ మార్చబోతే విండోస్ ఏమంటుంది? పొడవు, కాంప్లెక్సిటీ అంటే సులువుగా ఊహించలేనట్టుండడం, హిస్టరీ అంటే పాతది మళ్ళీ వాడకపోవడం, ఈ నిబంధనలకు సరిపోలేదంటుంది. ఆ మాట చూసి పక్క సీటాయన "పాస్‌వర్డ్ పెట్టడం కూడా రాదా మేడమ్" అనేస్తాడు. అయ్యా, ఆమె తప్పేముంది? మెసేజ్ పైకి చెప్పని కారణం ఇంకోటుంది, కనీస వయసు. అంటే పెట్టిన పాస్‌వర్డ్‌ని మళ్ళీ మార్చడానికి ఆగాల్సిన కాలం. డొమైన్‌లో, అంటే సర్వర్ ఒక్కచోటి నుంచి నడిపే ఆఫీసు నెట్‌వర్క్‌లో, మామూలుగా 1 రోజు. పొద్దున అడ్మిన్ రీసెట్ చేసిచ్చినదాన్ని మధ్యాహ్నం మార్చబోతే, ఎంత గట్టి పాస్‌వర్డ్ కొట్టినా ఇదే పాట. రీసెట్ చేసేటప్పుడే "తర్వాతి లాగిన్‌లో మార్చాలి" అన్న టిక్కు పెట్టుంటే ఈ అడ్డుండదు. ఇక్కడ అడ్మిన్లున్నారుగా? మళ్ళీ చెప్తున్నా, ఆ టిక్కు!

అనుమానముంటే కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్, ఖాళీ, యూజర్, ఖాళీ, లాగిన్ పేరు, ఖాళీ, స్లాష్ డొమైన్ అని కొట్టండి. "పాస్‌వర్డ్ ఛేంజబుల్" అన్న వరసలో రేపటి తేదీ ఉందా, రేపటిదాకా ఆగాల్సిందే.

ఇక మన రెడ్డిగార్లు, రావుగార్ల గొడవ. కాంప్లెక్సిటీ ఆన్‌లో ఉంటే, సిస్టమ్‌లో ఎక్కించిన పూర్తి పేరులో మూడక్షరాలు, అంతకు మించిన ముక్క ఏదీ పాస్‌వర్డ్‌లో కనబడకూడదు. రెడ్డి ఎట్ 1234 అందుకే పోతుంది. రావు ఇంగ్లీషులో సరిగ్గా మూడక్షరాలు, అదీ దొరికిపోతుంది. క్యాపిటల్స్‌లో కొట్టినా తప్పించుకోలేరు. పాత పాస్‌వర్డ్‌లు మామూలుగా 24 సిస్టమ్ గుర్తు పెట్టుకుంటుంది, వాటిలో ఏదీ పనికిరాదు.

"డొమైన్ అందుబాటులో లేదు" అంటే మాత్రం రోగం వేరు. నెట్ స్లోగా ఉందని ఎవరో డీఎన్ఎస్‌లో, అంటే పేరు చెబితే అడ్రసు వెతికిచ్చే సర్వర్ సెట్టింగ్‌లో, గూగుల్ వాళ్ళ 8.8.8.8 పెట్టుంటారు. అక్కడ మీ డొమైన్ కంట్రోలర్, అంటే లాగిన్లు సరిచూసే ఆఫీసు సర్వర్, దాని అడ్రసే ఉండాలి. గడియారం కూడా చూడండి. సర్వర్‌కీ మిషన్‌కీ 5 నిమిషాలు మించి తేడా వస్తే లాగిన్ సరిచూసే కెర్బెరోస్ పద్ధతి పేచీ పెడుతుంది. కరెంటు పోయొచ్చినప్పుడల్లా తేదీ ఏళ్ళ వెనక్కి పోతోందా? మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత సీఆర్ 2032 బ్యాటరీ చచ్చిపోయింది. అది మార్చకుండా టైమొక్కటీ సరిచేస్తే, మళ్ళీ కరెంటు పోయేదాకే.

మార్చాక అకౌంట్ లాక్ అవుతోందంటే, ఫోన్‌లో ఆఫీసు మెయిలో, సర్వర్ ఫోల్డర్‌కి మ్యాప్ చేసిన డ్రైవో పాత పాస్‌వర్డ్ పంపుతూ ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి పాతవి తీసేయండి. దొరక్కపోతే అడ్మిన్ గారు డొమైన్ కంట్రోలర్ సెక్యూరిటీ లాగ్‌లో 4740 నంబరు ఈవెంట్, అంటే అకౌంట్ లాకైన నమోదు, వెతకాలి, ఏ కంప్యూటర్ నుంచి తప్పుగా వస్తోందో దాంట్లో పేరు పడి ఉంటుంది.

ప్రొజెక్టర్ మీద ఆ నెట్ యూజర్ కొట్టి చూద్దాం. ముందు వరసలోంచి ఒకరు రండమ్మా.