సీటు కింద వేడి

అన్నలకూ తమ్ముళ్లకూ నమస్కారం. ట్రిప్పులు వదులుకుని వచ్చారు, సూటిగా విషయానికొస్తాను.

ఇక్కడ సగం మంది ఇంకా ఓమ్నీలే తిప్పుతున్నారు. 1984లో మారుతి వ్యాన్‌గా వచ్చిన బండి, 2019లో తయారీ ఆగిపోయింది. 796 సీసీ, మూడు సిలిండర్లు, సుమారు 35 హార్స్‌పవర్. మీరెప్పుడూ అడిగేది ఒకటే: "మాస్టారూ, హైవే మీద 80లో పోతే ఏంటి, వందలో పోతే ఏంటి? దూరం అదే కదా?"

దూరం అదే. టాప్ గేరులోనే ఉంటే కిలోమీటరుకు ఇంజిన్ తిరిగే చుట్లూ అన్నే. కానీ ఒక్కో చుట్టుకు అది పడే కష్టం వేరు.

చదును రోడ్డు మీద బండిని వెనక్కి లాగేవి రెండు, టైర్ల నిరోధం, గాలి. మొదటిది వేగంతో పెద్దగా మారదు. గాలి అలా కాదు. వేగం రెట్టింపైతే గాలి నెట్టుడు నాలుగు రెట్లవుతుంది, దాన్ని తోసుకుపోవడానికి ఎనిమిది రెట్ల పవర్ కావాలి. మన వ్యాను ముందు భాగం చూస్తే గోడే కదా! అయిదుగురు కూర్చున్న ఓమ్నీకి నేను వేసిన ఉజ్జాయింపు లెక్క చెబుతాను. చక్రాల దగ్గర 60లో 6 హార్స్‌పవర్, 80లో 12, వందలో 20. పైన క్యారియర్ మీద సామాను కడితే ఇంకా ఎక్కువ. గంటకు 20 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే మీటరు వంద చూపిస్తుంది, గాలి మాత్రం మీ బండిని 120లో కొడుతుంది.

ఇక అరుగుదల. పిస్టన్ ప్రతిసారీ పైన ఆగి, వెనక్కి తిరిగి రావాలి. 80 నుంచి వందకు వెళితే ఆ ఆపడం, తిప్పడంలో దాన్ని క్రాంక్‌కు కలిపే కడ్డీ, అంటే కనెక్టింగ్ రాడ్డు మీద పడే లాగుడు సగానికి పైగా పెరుగుతుంది. వేడికి ఆయిల్ పలచబడి, తిరిగే భాగాలను మోసే బేరింగుల్లో దాని పొర సన్నబడుతుంది. ఓమ్నీలో ఇంజిన్ ముందు సీట్ల కిందే కాబట్టి ఆ వేడి ముందుగా మనకే తెలుస్తుంది. ఒక మే నెలలో సూర్యాపేట దాటాక నా సీటు కాలింది. రేడియేటర్లో నీళ్లు చూసుకోలేదు, వేగమూ తగ్గించలేదు. ఇంజిన్ పై మూతకూ బ్లాకుకూ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ పోయింది. తప్పు నాదే.

హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు. 80కి బదులు వందలో పోతే కాగితం మీద 40 నిమిషాలు మిగులుతాయి. టోల్ గేట్లు, టీ కొట్లు అందులో చాలావరకు తినేస్తాయి.

అలాగని 40లో టాప్ గేరు వేసి, బండి ముక్కుతుంటే తొక్కకండి. అప్పుడు లోడు ఎక్కువ, చుట్లు తక్కువ, బేరింగులో ఆయిల్ పొర సరిగా నిలవదు. ఎత్తు రాగానే గేరు దించండి. స్కూలు ట్రిప్పుల వాళ్ల కథ ఇంకోటి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, నాలుగు కిలోమీటర్లు తిప్పి, అది సరిగ్గా వేడెక్కక ముందే ఆపేస్తారు. ఆ బండ్లు హైవే మొహం చూడకుండానే అరుగుతాయి. వాళ్లు ఆయిల్ మార్చడానికి కిలోమీటర్లు కాదు, నెలలు లెక్కపెట్టుకోవాలి.

నా లెక్క మీద అనుమానం ఉందా? ఒకే దారిలో, ఒకే దిక్కుకు, ఒకసారి 60లో, ఒకసారి 80లో వెళ్లి రండి. రెండుసార్లూ ట్యాంకు నిండా కొట్టించి లీటర్లు రాసుకోండి. ఆ చీటీ పట్టుకొస్తే కూర్చుని మాట్లాడుకుందాం.