షికాగో టవర్లు: కింద బంకమట్టి, పైన గాలి

అందరికీ నమస్కారం. ఓ అరగంట మాట్లాడమన్నారు. స్ట్రక్చరల్ ఇంజనీరు చేతికి మైకు ఇస్తే అరగంటలో వదలడని తెలిసే పిలిచారు కాబట్టి, పాపం నిర్వాహకులదే.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ఇక్కడ షికాగోలో మనందరి కార్యక్రమం ఒకటే. ఒకరోజు ఆరోరా గుళ్ళో వెంకటేశ్వరస్వామి దర్శనం, ఇంకోరోజు విల్లిస్ టవర్. 103వ అంతస్తుకు తీసుకెళ్ళి, బయటికి పొడుచుకొచ్చిన గాజు పెట్టెలో నిలబెట్టి ఫోటో తీస్తాం. "ఎన్ని అంతస్తులురా?" అంటారు నాన్న. "110" అంటాం. అంతటితో సరి. నా గొడవంతా ఇక్కడే. ఎత్తు ఎంతో ఫోనులో చూసుకోవచ్చు. ఇంత బరువు ఈ నేల మీద ఎలా ఆగిందో, ఇంత గాలిని ఎలా తట్టుకుంటోందో అడగాలి. అప్పుడు ఒక్కో టవరూ ఒక్కో కథ చెబుతుంది.

ముందు నేల సంగతి. హైదరాబాదులో కోకాపేట వైపు టవర్లు లేపేవాళ్ళకు కాస్త తవ్వగానే గ్రానైటు తగులుతుంది. దాన్ని పగలగొట్టడమే వాళ్ళ తలనొప్పి. ఇక్కడ అందుకు పూర్తిగా రివర్సు. సరస్సు ఒడ్డున ఉన్నదంతా మెత్తటి బంకమట్టి, అసలు రాయి తగలాలంటే 100 అడుగుల లోతుకు పోవాలి. 1871 అక్టోబరులో ఈ ఊరు తగలబడిపోయింది. సుమారు 300 మంది చనిపోయారు, లక్షమందికి నిలువ నీడ లేకుండా పోయింది. మళ్ళీ కట్టుకునేటప్పుడు ప్రతి వ్యాపారికీ డౌన్‌టౌన్‌లోనే చోటు కావాలి. స్థలం ధర మండిపోయింది. లిఫ్టులు అప్పటికే వచ్చేశాయి. ఇక పైకి పోవడమే. పైకి పోదామంటేనేమో కింద నేల జారిపోయే రకం.

ఈ చిక్కు కళ్ళారా చూడాలంటే జాక్సన్, డియర్‌బర్న్ వీధులు కలిసేచోట మొనాడ్‌నాక్ బిల్డింగ్ ఉంది. టూరిస్టులు దాన్ని పట్టించుకోరు, నల్లగా, నగలు లేకుండా నిలబడి ఉంటుంది. దాని ఉత్తర భాగం 1891లో పూర్తయింది. 16 అంతస్తుల ఎత్తు, బరువు మోసే బయటి ఇటుక గోడలు. అందుకే అడుగున గోడ మందం 6 అడుగులు. ఆ మందంలో నిండా ఎదిగిన మనిషి అడ్డంగా పడుకోవచ్చు. ఇటుకతో ఎంత పైకి పోతే కింద గోడ అంత లావెక్కాలి. ఇంకాస్త పైకి పోయుంటే వీధి మొహాన దుకాణానికి చోటే మిగిలేది కాదు. కుంగుతుందని కట్టినవాళ్ళకూ తెలుసు. 8 అంగుళాలని లెక్క వేసుకున్నారు. 1940లు దాటేసరికి అది 20 అంగుళాలు కుంగింది. వీధిలోంచి లోపలికి వెళ్ళాలంటే మెట్టు ఎక్కకూడదు, దిగాలి. ఆ మెట్టు మీద నిలబడి ఒక్క నిమిషం ఆలోచించండి. మీరు నిలబడ్డది ఒక లెక్క తప్పిన చోటు.

అదే బిల్డింగుకు 1893లో దక్షిణ భాగం కలిపారు. అక్కడ బరువు మోసేది లోపలి ఉక్కు చట్రం. గోడలు తేలికైపోయాయి. రెండేళ్ళ తేడాలో, ఒకే పైకప్పు కింద, రెండు యుగాలు.

ఉక్కు చట్రం మొదట ఎవరు కట్టారన్నది పెద్ద పేచీ. లాసాల్, ఆడమ్స్ వీధుల మూలన విలియం లె బ్యారన్ జెన్నీ 1885లో కట్టిన 10 అంతస్తుల హోమ్ ఇన్సూరెన్స్ బిల్డింగే ప్రపంచంలో తొలి ఆకాశహర్మ్యమని ఊరివాళ్ళు అంటారు. న్యూయార్క్‌వాళ్ళు ఒప్పుకోరు. 1931లో దాన్ని కూల్చేశారు. పేచీ మాత్రం అలాగే ఉంది, నేనందులో తల దూర్చను.

పునాదికి దొరికిన జవాబు మాత్రం మనకు కొత్తేం కాదు. 1890లలో ఇక్కడ మట్టిలోకి గుండ్రంగా గొయ్యి తవ్వుకుంటూ పోయి, చుట్టూ చెక్కలు కట్టి, ఇనుప కడియాలు బిగించి, చివరికి కాంక్రీటుతో నింపేవారు. మన ఊళ్ళల్లో ఒరల బావి దించినట్టే, కాకపోతే నీళ్ళ కోసం కాదు, గట్టి నేల కోసం. దాన్ని కైసన్ అంటాం. విల్లిస్ టవర్ కింద అలాంటివి వంద పైచిలుకు రాతిదాకా దిగి ఉన్నాయి. హాన్‌కాక్ సెంటర్ అనే ఇంకో టవర్ కట్టేటప్పుడు కైసన్లలో లోపం బయటపడి, పని మధ్యలో ఆపి సరిచేయాల్సొచ్చింది. బయటికి కనిపించని పని, కానీ తేడా వస్తే మొత్తం ఆగిపోతుంది.

ఇక గాలి. ఇక్కడ ఒకాయన గురించి కొంచెం ఎక్కువసేపే మాట్లాడతాను. ఫజ్లుర్ రహమాన్ ఖాన్, హాన్‌కాక్, విల్లిస్ రెండింటికీ స్ట్రక్చరల్ ఇంజనీరు ఆయనే. 1929లో ఢాకాలో పుట్టారు. కలకత్తా దగ్గర శిబ్‌పూర్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివారు. 1952లో ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్పు మీద అర్బానా-షాంపేన్‌లోని ఇల్లినాయ్ యూనివర్సిటీకి వచ్చారు, ఈ హాల్లో కొందరి పిల్లలు ఇప్పుడు చదువుతున్నదే. మూడేళ్ళలో రెండు మాస్టర్స్ డిగ్రీలు, ఒక పిహెచ్‌డి. వీసా, అసిస్టెంట్‌షిప్పు కష్టాలు చెప్పుకునే మన కుర్రాళ్ళకు ఆ మాట వినిపించాలనిపిస్తుంది.

ఖాన్ పట్టుకున్న కిటుకు ఇది. పాత పద్ధతిలో గాలిని లోపలి పిల్లర్లూ బీములూ అన్నీ కలిసి ఆపేవి. ఎత్తు పెరిగేకొద్దీ ఒక్క గాలి కోసమే ఉక్కు ఖర్చు విపరీతంగా పెరిగేది. ఆయన బలాన్ని బయటి అంచుకు నెట్టారు. దగ్గర దగ్గరగా పిల్లర్లు, వాటిని కలుపుతూ గట్టి బీములు పెడితే, బిల్డింగ్ మొత్తం నేలలో పాతిన ఒక బోలు గొట్టంలా పనిచేస్తుంది. 1969లో వచ్చిన 100 అంతస్తుల హాన్‌కాక్ సెంటర్‌కు నాలుగు వైపులా పెద్ద పెద్ద ఇంటూ గుర్తులు కనిపిస్తాయి చూడండి, అవి అలంకారం కావు. గాలి తోపును పిల్లర్ల మీదుగా నేలకు దింపేవి అవే. పై అంతస్తుల్లో కొన్ని ఇళ్ళ కిటికీలకు అడ్డంగానే ఆ ఉక్కు దూలం పోతుంది. కింద దుకాణాలు, ఆఫీసులు, పైన కాపురాలు, 44వ అంతస్తులో ఈత కొలను. ఊళ్ళో నాకు అన్నిటికంటే నచ్చిన టవర్ అదే, విల్లిస్ అభిమానులు క్షమించాలి.

విల్లిస్ అప్పట్లో సియర్స్ టవర్, సియర్స్ అనే దుకాణాల కంపెనీ కట్టించుకున్నది. 442 మీటర్లు, తొమ్మిది చదరపు గొట్టాలను మూడు వరసల్లో కట్టకట్టినట్టు కట్టారు. రెండు 50వ అంతస్తు దగ్గర ఆగుతాయి, రెండు 66 దగ్గర, మూడు 90 దగ్గర. చివరిదాకా పోయేవి రెండే. సియర్స్ ఉద్యోగులకు కింద విశాలమైన అంతస్తులు కావాలి, పైన అద్దెకిచ్చేవి చిన్నవైతే చాలు. అవసరం నుంచి పుట్టిన ఆకారమది. చదరపు అడుగుకు ఎంపైర్ స్టేట్ బిల్డింగులో దాదాపు 42 పౌండ్ల ఉక్కు పడితే, ఇక్కడ 33, హాన్‌కాక్‌లో 30 లోపే. ఖాన్ ప్రతిభకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. తీరా చూస్తే సియర్స్ కంపెనీ 1990లలో ఆ టవర్ వదిలేసి ఊరి శివార్లలోని మన హాఫ్‌మన్ ఎస్టేట్స్‌కు వచ్చేసింది. 2009లో పేరూ మారింది, ఊరు మాత్రం ఇంకా పాత పేరే పిలుస్తుంది.

పైన ఊగుతుందా అని అడుగుతారు. ఊగుతుంది. పెద్ద గాలి రోజున అంగుళాల్లో ఊగుతుంది. ఊగేట్టుగానే కట్టారు.

అన్ని కథలూ విజయాలు కావు. ఇప్పుడు ఏయాన్ సెంటర్ అంటున్న 83 అంతస్తుల తెల్ల టవర్‌ను 1973లో స్టాండర్డ్ ఆయిల్ కోసం కట్టారు. దాని ఒళ్ళంతా ఇటలీ కరారా పాలరాయి, 43,000 పలకలు. పలక మందం అంగుళంన్నర కూడా లేదు. షికాగో చలికీ ఎండకీ అవి వంగిపోవడం మొదలైంది. 1974లోనే ఒక పలక ఊడి పక్క బిల్డింగ్ కప్పు మీద పడింది. చివరికి 1990-92లో మొత్తం ఊడదీసి తెల్ల గ్రానైటు వేశారు. 8 కోట్ల డాలర్ల పైనే అయింది. తాజ్‌మహల్‌కు బాగుంది కదా అని ఇక్కడ వేస్తే మరి!

ఈ కాలానికి వస్తే ఆర్కిటెక్టు జీన్ గ్యాంగ్ పేరు గుర్తుపెట్టుకోండి. 2009లో ఆమె కట్టిన ఆక్వా టవర్‌కు 82 అంతస్తులు, ఏ రెండు అంతస్తుల బాల్కనీలూ ఒకేలా ఉండవు. చూడ్డానికి అలలు. పనేమో గాలిని ముక్కలు చేయడం. ఆమెదే 2020లో వచ్చిన 101 అంతస్తుల సెయింట్ రీజిస్. దాంట్లో 83వ అంతస్తు ఖాళీ, గాలి ఒక వైపు నుంచి దూరి రెండో వైపు నుంచి పోవడానికి. అంతెత్తున ఒక అంతస్తు అమ్ముకోకుండా వదిలేయడమంటే మన బిల్డర్లకు గుండె ఆగుతుంది.

చివరిగా ఒకటి. నది పక్కన 150 నార్త్ రివర్‌సైడ్, 2017లో వచ్చింది, 54 అంతస్తులు. ఒక పక్క నది, ఇంకో పక్క రైలు పట్టాలు, మధ్యలో సన్నటి స్థలం. అందుకే కింది భాగం ఇరుకుగా పెట్టి, కొన్ని అంతస్తుల పైన రెండు వైపులా వెడల్పు చేశారు. పైన నీళ్ళ ట్యాంకులున్నాయి, టవర్ ఒక వైపు ఊగితే నీళ్ళు ఎదురు వైపు కదిలి ఊపు తగ్గిస్తాయి. దాన్ని కిందినుంచి కాదు, అవతలి ఒడ్డు నుంచి చూడండి.

ప్రశ్నలుంటే అడగండి. పడిపోతుందా అన్న ప్రశ్న ఒక్కరే అడగండి, జవాబు అందరికీ ఒకటే.